పక్క మడిలో చచ్చిన ఊద నా మడిలో ఎందుకు చావలేదు?

ప్రశ్న: రెండెకరాల్లో వరి ఎద జల్లాను (నారు పోయకుండా విత్తనం నేరుగా మడిలో చల్లాను). 24వ రోజున ఊద గడ్డి అనే కలుపును చంపడానికి ఎకరాకు 100 మి.లీ. చొప్పున బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొట్టాను. అప్పటికి పది రోజులుగా చినుకు లేదు, మడి నెర్రెలు తీసింది. పక్క రైతు అదే షాపులో అదే మందు కొని, బోరు నీళ్లు పెట్టుకుని కొట్టాడు. ఆయన మడిలో ఊద ఎండిపోయింది. నా మడిలో కాస్త పసుపెక్కి, మొన్న వాన పడ్డాక మళ్లీ పచ్చబడింది. కొట్టి 16 రోజులైంది. మందు నకిలీదా? డోసు రెట్టింపు చేసి మళ్లీ కొట్టనా?
– ఒక రైతు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: దయచేసి రెట్టింపు డోసు కొట్టకండి. ముదిరిన ఊద దానికి లొంగదు, వరికి మాత్రం దెబ్బ తగులుతుంది.

మీ సీసా మీదా, పక్క రైతు సీసా మీదా బ్యాచ్ నంబరు ఒకటే అయితే నకిలీ అనుకోనక్కర్లేదు. తేడా నేల పదునులో (తేమలో) ఉంది. ఈ మందు పడ్డచోట ఆకును మాడ్చే రకం కాదు. ఆకులోకి దిగి, ఆకు తయారుచేసిన ఆహారంతో పాటు ప్రయాణించి మొవ్వుకు, అంటే మొక్క నడిమి లేత చిగురుకు చేరాలి. అక్కడ కొత్త కణాలకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా ఆపుతుంది. అంటే ఊద చురుగ్గా ఎదుగుతున్నప్పుడే మందు దాన్ని చంపగలదు. బెట్టకు వచ్చిన ఊద ఆకు చుట్టుకుంటుంది, ఆకు మీది మైనం పొర మందమవుతుంది. చుక్క సరిగా అంటదు, లోపలికి వెళ్లిన కాస్త మందూ మొవ్వు దాకా కదలదు. వాన పడగానే మొక్క తేరుకుంటుంది. మీ మడిలో జరిగింది ఇదే.

అయినా అన్ని మొక్కలూ బతికాయని అప్పుడే అనుకోవద్దు. మడిలో నాలుగైదు చోట్ల ఊద మొవ్వు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. సులువుగా ఊడి వచ్చి, అడుగు గోధుమ రంగులో కుళ్లినట్టుంటే మందు పనిచేసినట్టే. అలాంటివి ఎండిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొవ్వు గట్టిగా ఉండి, లోపల లేతాకు తెల్లగా, పచ్చగా కనబడితే అది తప్పించుకుంది.

తప్పించుకున్నవాటిని చేత్తో తీయించడమే ఇప్పుడున్న దారి. కూలి ఖర్చు భారమని నాకు తెలుసు. కానీ 40 రోజుల పైరులో పిలకలు వేసిన ఊద మీద మళ్లీ ఆ మందుకు డబ్బు పెట్టమని చెప్పలేను. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడే, కంకి వేయకముందే లాగించండి. ఆకు కాండంతో కలిసేచోట వరికి తెల్లటి పొర, చిన్న చెవుల్లాంటి నూగు భాగాలు ఉంటాయి. ఊదకు అవి ఉండవు, అక్కడ నున్నగా ఉంటుంది. కొత్తగా వచ్చే కూలీలకు ఇది ఒక్కసారి చూపిస్తే వరి పీకేయరు. కలుపు తీశాకే యూరియా వేయండి, లేకపోతే ముందుగా బలిసేది ఊదే.

ఇకముందు ఏ పంటలోనైనా ఈ మందు వరిలో కొట్టవలసి వస్తే, ఊద 2 నుంచి 5 ఆకుల దశలో ఉండగా, తడి తగిలాక కొట్టండి. మడిలో నీరు నిలిచి ఉంటే కలుపు ఆకులు బయటపడేలా తీసేసి, కొట్టిన 24 నుంచి 48 గంటల్లో తిరిగి పెట్టండి. కొట్టాక కనీసం 6 గంటలు వాన రాకూడదు. మన వైపు ఈ రోజుల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టడం మామూలే. అందుకే పొద్దున్నే మంచు ఆరగానే కొట్టడం నాకు మేలనిపిస్తుంది. మంచు మీద కొడితే మందు పలచబడి జారిపోతుంది. నడి ఎండలో కొడితే చుక్క ఆకులోకి దిగకముందే ఆరిపోతుంది. ఎకరాకు 200 లీటర్ల శుభ్రమైన నీరు వాడండి. పురుగుమందు కొట్టే నాజిల్ కాకుండా కలుపు మందు నాజిల్ బిగించండి.

గాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మీ వైపు వరి పక్కనే గోగు వేస్తారు కదా. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి అనే కలుపు మందు కొట్టేటప్పుడు గాలి అటు వీస్తుంటే ఆ రోజుకు ఆపేయండి. పలచటి తుంపర తగిలినా గోగు ఆకులు సన్నబడి, కొనలు మెలితిరిగిపోతాయి. అదే ట్యాంకును సరిగా కడగకుండా తర్వాత గోగు మీద ఏ మందు కొట్టినా అదే నష్టం.

వచ్చే ఏడు పొడి దుక్కిలో ఎద జల్లితే, మొలక రాకముందు కొట్టే పెండిమిథాలిన్ అనే కలుపు మందును తొలి వాన పదును మీద, 48 గంటల్లోపే కొట్టండి. పొడి మట్టి మీద పడితే అది ఎండకు ఆవిరై పోతుంది.