ఆరో వంతా, ఆరు వంతులా, ఆరు రెట్లా? అంచు తెగిన రూపాయి బిళ్ళ మీద ఒక సందేహం

సందేహం: మాది దేవరకొండ. తప్పు పడ్డ నాణెలు, అదే ఎర్రర్ కాయిన్స్, జమ చేస్తుంటాను. ఈ మధ్య 2012 నాటి రూపాయి బిళ్ళ ఒకటి దొరికింది, సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంది, ఒక పక్క అంచు నెలవంకలాగా 6 మిల్లీమీటర్ల లోతున పోయింది. తూకం వేయిస్తే 3.17 గ్రాములు వచ్చింది. దాని అట్ట మీద ‘ఆరు వంతులు తక్కువ’ అని రాసిన. జడ్చర్లలో ఉండే దోస్తు ‘ఆరు రెట్లు తక్కువ’ అని రాయాలంటాడు. ఇంకొకాయన, చూస్తేనే తెలుస్తుంది కదా, ‘పావు తక్కువ’ అని రాయి అంటాడు. ఏది సరైన తెలుగు? దీన్ని ‘కత్తిరించిన నాణెం’ అనొచ్చా?

సమాధానం: మూడింటిలో ఏదీ మీ నాణేనికి సరిపోదు. రాయాల్సింది ‘ఆరో వంతు తక్కువ’ అని. మీ ముగ్గురి పేచీలో సగం తెలుగుది, సగం లెక్కది, కాబట్టి తూకం సంగతి ముందు చూద్దాం.

2011లో మొదలైన సిరీస్‌లో స్టీలు రూపాయి వెడల్పు 22 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు. మీది 3.17, అంటే పోయింది 0.62. దాన్ని 3.79తో భాగిస్తే నూటికి 16 పైచిలుకు వస్తుంది, ఇంచుమించు ఆరో వంతు. అంతకుముందు వచ్చిన స్టీలు రూపాయి మాత్రం 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. ఎవరైనా ఆ పాత బరువు పట్టుకుని మీ బిళ్ళకు లెక్క కడితే మూడో వంతుకు పైగా లోహం పోయినట్టు తేలుతుంది, అది పెద్ద తప్పు. అందుకని ఏ సిరీస్ నాణెమో చూసుకోకుండా తరాజు ఎక్కించకండి, ఆ తరాజు కూడా గ్రాములో నూరో వంతు చూపించేదై ఉండాలి, ఔసలి దుకాణంలో ఉండేలాంటిది. కిరాణా కొట్టు కాటా ఈ పనికి రాదు.

‘పావు’ అన్నాయన కంటితో కొలిచాడు. 22 మిల్లీమీటర్ల వెడల్పులో 6 పోయిందంటే నిజంగానే పావు కన్నా కొంచెం ఎక్కువే, కానీ అది వెడల్పులో పావు, లోహంలో కాదు. టంకశాలలో ముందు లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కొట్టి తీస్తారు, ఆ తర్వాతే వాటి మీద అచ్చు పడుతుంది. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే, అంతకుముందు కొట్టిన బొక్క మీదికే కొత్త దెబ్బ కొంత ఎక్కి పడుతుంది. ఆ మేరకు బిళ్ళలో లోహమే ఉండదు. రెండు సమానమైన వృత్తాలు ఒకదాని మీదికొకటి ఎక్కినట్టన్నమాట. 22 మిల్లీమీటర్ల వృత్తాలు రెండు 6 మిల్లీమీటర్ల మేర ఎక్కితే రెండింటికీ ఉమ్మడిగా పడే చోటు ఒక్కో వృత్తంలో నూటికి 16.4 వంతులు. మీ తరాజు చెప్పిందీ అదే! కాబట్టి ‘వెడల్పులో పావు, బరువులో ఆరో వంతు’ అంటే ఆయన మాటా నిలబడుతుంది, మీ తూకమూ నిలబడుతుంది. దేనిలో పావో చెప్పకుండా ఉత్త ‘పావు తక్కువ’ అని రాస్తే మాత్రం కొనేవాడు తూకంలో పావు అనే అనుకుంటాడు.

ఇక ‘ఆరు వంతులు’. తెలుగులో వంతుల ముందు ఉత్త సంఖ్య పెడితే అన్ని భాగాలు అని అర్థం, ఒక భాగం అని కాదు. ఊళ్ళో మూడొంతుల మంది వలస పోయిండ్రు అంటే నాలుగింట మూడు వంతులు పోయారని పాలమూరులో ఎవరినడిగినా చెప్తారు, మూడో వంతు అని ఒక్కరూ అనుకోరు. మొత్తం ఎన్ని వంతులో అక్కడ వాడుకలోనే ఉంది. ‘ఆరు వంతులు’ అంటే అలాంటి అలవాటైన మొత్తం ఏదీ లేదు, వినేవాడు ఎన్నింట ఆరు అని వెతుక్కోవాలి. పాతకాలం మనిషైతే రూపాయికి పదహారణాల లెక్కన ఆరణాల మందం పోయిందనుకున్నా అనుకుంటాడు, అది మూడో వంతు కన్నా ఎక్కువ. ‘ఆరో వంతు’, లేదా ‘ఆరింట ఒక వంతు’ అని రాస్తే ఈ బాధ లేదు. మిగిలినదాని గురించి చెప్పాలంటే ‘ఆరింట అయిదు వంతులు ఉంది’ అనండి.

మీ దోస్తు చెప్పిన ‘ఆరు రెట్లు తక్కువ’ను అసలు రానీయకండి. ఈ మాట ఇప్పుడు పేపర్లలో, టీవీల్లో విచ్చలవిడిగా వస్తోంది, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. రెట్టింపు అంటే పెరగడం. ఉన్నదానికి ఒక రెట్టు తగ్గిస్తేనే సున్నా, ఇంక మిగతా అయిదు రెట్లు ఎక్కడి నుంచి తగ్గిస్తాం? ఒకవేళ ఆరో వంతే మిగిలింది అనే భావంతో వాడుతున్నారనుకుందాం, అప్పుడూ మీ నాణేనికి అది పూర్తిగా తలకిందులే, ఎందుకంటే మీ దగ్గర పోయింది ఆరో వంతు.

మీరు అడగలేదు కానీ ‘తక్కువ’తో ఇంకో చిక్కుంది. ‘పావు తక్కువ రెండు’ అంటే ఒంటిగంట ముప్పావు, అంటే పావు తీసేశాం. ‘పావుకు తక్కువ’ అంటే పావు దాకా రాలేదని. ఒక్క ‘కు’తో అర్థం ఇంత మారుతుంది. ‘పావు కన్నా తక్కువ లోహం ఉన్న రూపాయి’ అని రాశారంటే లోహం దాదాపు అంతా పోయి ముక్క మిగిలిందని అర్థం. ‘పోయిన లోహం పావు కన్నా తక్కువ’ అని రాస్తేనే మీరు అనుకున్నది వస్తుంది. తక్కువైంది ఏదో దాని పేరు ముందే చెప్పండి.

‘కత్తిరించిన నాణెం’ అనకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కత్తిరించడానికి ఒక మనిషి ఉండాలి, ఎవరో కావాలని చేసినట్టు. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి మీ బిళ్ళ టంకశాలలోనే అలా పుట్టినట్టుంది. ‘అంచు తెగిన నాణెం’ అనండి, తెగడం దానంతటది జరిగేది. మీ సరదాలో ఈ తేడా ఎంత విలువైందో మీకు నాకన్నా బాగా తెలుసు: తెగిన చోటుకు సరిగ్గా ఎదురు పక్కన అంచు కట్టు, అంటే నాణెం చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే గట్టు, బలహీనంగా, మసకగా ఉంటే అది టంకశాల తప్పే అనడానికి మంచి ఆనవాలు, దాన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. అంచు కట్టేటప్పుడు ఒక పక్క లోహం లేకపోతే ఎదురు పక్క ఒత్తిడి సరిగా పడదు కాబట్టి అలా అవుతుంది. తర్వాత ఎవరో ఆకురాయితో రాకినదానికి ఆ గుర్తు రాదు, అలాంటిదాన్ని ‘కత్తిరించిన నాణెం’ అంటే ఒప్పే. ‘ఖోటా’ అని మాత్రం దేన్నీ అనకండి, అది దొంగ నాణేనికి పెట్టుకున్న మాట.

చివరగా, మీ ఉత్తరంలో ‘నాణెలు’ అని ఉంది. పళ్ళెం, పళ్ళేలు, పళ్ళేనికి అన్నట్టే నాణెం, నాణేలు, నాణేనికి. ఏకవచనంలో పొట్టిగా ఉన్న ‘ఎ’ బహువచనంలోనూ, విభక్తి చేరినప్పుడూ సాగుతుంది.

సంవత్సరం కింద నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, కాబట్టి అట్ట మీద ఇలా రాసుకోండి: ‘రూపాయి, 2012, హైదరాబాద్ టంకశాల. అంచు తెగినది. ఉండాల్సిన బరువు 3.79 గ్రాములు, ఉన్నది 3.17. లోహం ఇంచుమించు ఆరో వంతు తక్కువ.’ ఎదురు పక్క అంచు ఎలా ఉందో కూడా ఒక ముక్క చేర్చండి.