గాయపడిన గుర్రానికి ఆవుల దాణా పెట్టకండి

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఒక ఆడగుర్రాన్ని, ముందుకాలికి గాయమయ్యాక, ఎవరో మా ఊరి పొలిమేరలో వదిలేసి వెళ్లారు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. నిన్న తెచ్చి ఆవుల కొట్టంలో కట్టాం. దాణా, బెల్లం పెడుతున్నాం. బాగయ్యాక మంచివారికి పెంపకానికి ఇవ్వాలని ఉంది. ఎలా చూసుకోవాలి?
– ఒక పాడి రైతు, మెదక్ జిల్లా

జవాబు: దిక్కులేని జీవాన్ని చేరదీశారు, చాలా సంతోషం. కానీ దాణా, బెల్లం ఈ పూటే ఆపండి. చాలాకాలం పస్తులున్న గుర్రానికి ఒక్కసారిగా గింజలు, తీపి పడితే రక్తంలో భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి కొద్ది రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. పైగా కొన్ని పశువుల, కోళ్ల దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకు ఏమీ కాని మోతాదు గుర్రానికి విషం.

మొదటి మూడు రోజులు మంచి ఎండు లూసర్న్ (పశువులకు వేసే పప్పుజాతి పచ్చిమేత) అర కిలో చొప్పున నాలుగు గంటలకోసారి వేయండి, రాత్రి కూడా. తర్వాత మేత పెంచుతూ విడతలు తగ్గించండి. పది రోజులు దాటాక తిన్నంత ఎండుగడ్డి పెట్టవచ్చు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. కాబట్టి మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటున్నా, పొర్లుతున్నా, లద్దె వేయకపోయినా అర్ధరాత్రయినా పశువైద్యుడిని పిలవండి.

ధనుర్వాతానికి గుర్రం చాలా తేలికగా లోనవుతుంది. సూది రేపటికి వాయిదా వేయకండి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి పుండు కడగండి. మోకాలి కింది పుండ్లలో ఎర్రటి దుర్మాంసం పొంగుతుంది. దాన్ని మైలుతుత్తంతో కాల్చవద్దు. వైద్యుడే కోసి కట్టు కడతారు. దుర్మాంసంలో నరాలుండవు కనుక కోసినా దానికి బాధ తెలియదు.

గుర్రాన్ని ఆవులకు దూరంగా కట్టి, పశుసంవర్ధక శాఖ ద్వారా రక్తపరీక్ష చేయించండి. సర్రా (రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) ఉంటే జోరీగల ద్వారా ఆవులకూ పాకుతుంది. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటురోగం మనుషులకూ సోకుతుంది. దాన్ని హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం నిర్ధారిస్తుంది. ఫలితం వచ్చేదాకా చేతి తొడుగులు లేకుండా ముక్కు, పుండు ముట్టుకోవద్దు. గ్లాండర్స్ తేలితే గుర్రాన్ని బాధ లేకుండా చంపవలసి ఉంటుంది. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ మీ పిల్లలు ఆ కొట్టంలో తిరుగుతారు కదా.

పోలీసు స్టేషన్‌లో కూడా తెలియజేయండి. యజమాని రేపు వచ్చి నాదంటే చిక్కు.

పెంపకానికి తొందర వద్దు. లాడాలు కొట్టేవారితో 6–8 వారాలకోసారి గిట్టలు చెక్కించండి. గట్టి నేలపై కుంటకుండా నడవాలి, నాలుగు కాళ్లూ ఎత్తనివ్వాలి. తీసుకునేవారి దగ్గర మరో గుర్రం ఉంటే మంచిది, ఒంటరిగా ఉంటే ఇది దిగులు పడుతుంది. ఊరేగింపులకు, బండికి కట్టబోమని కాగితం రాయించుకుని, మీరు నెలకోసారి వెళ్లి చూడగలిగే దూరంలో ఉన్నవారికే ఇవ్వండి.