ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేర రాసేయనా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 68 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. మావారు పోయి రెండేళ్లయింది. మల్కాజిగిరిలో నా జీతంతో కొన్న ఫ్లాటు, బ్యాంకులో 28 లక్షల డిపాజిట్లు ఉన్నాయి. వాటికి నామినీ అబ్బాయే. అబ్బాయి, కోడలు నాతోనే ఉంటారు. "ఎప్పటికైనా మాకే కదమ్మా, ఇప్పుడే గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేస్తే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదు" అంటున్నాడు. అమ్మాయి వరంగల్‌లో ఉంటుంది, ఏమీ అడగదు. చేసేయమంటారా?
— ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: వద్దు టీచర్ గారూ. మీ అబ్బాయి మీద అనుమానంతో అనడం లేదు.

నేను బ్యాంకులో ఉండగా ఒక పెద్దావిడ కేవైసీ ఫారం (ఖాతాదారు వివరాల కాగితం) నింపడానికి వచ్చారు. పేరు రాశారు, పుట్టిన తేదీ రాశారు. అడ్రసు దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. "ఏ అడ్రసు రాయనమ్మా?" అని నన్నే అడిగారు. ఇల్లు కొడుక్కి రాసిచ్చారట. అతను మంచివాడే. వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు, అప్పు తీరలేదు, ఇల్లు వేలానికి వెళ్లింది. చివరికి చెల్లెలి ఇంటి అడ్రసు రాశారు. ఆ ఫారం తీసుకుంటుంటే నా చెయ్యి వణికింది. గిఫ్ట్ చేశాక ఆ ఇంటికి కొడుకు అప్పులూ అంటుకుంటాయి, అందుకే వద్దంటున్నాను.

రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ను, అంటే దానపత్రాన్ని, మనసు మారిందని మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పిల్లలు చూసుకోకపోతే ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. కానీ "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో లేకపోతే కేసు నిలబడడం కష్టమని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2025 జనవరిలో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల పక్షాన ఉదారంగా చూడాలంది. అయినా ఈ వయసులో సొంత కొడుకు మీద కేసు వేసి తిరిగే ఓపిక ఎవరికుంటుందండీ?

మీరు చేయాల్సింది వీలునామా. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు మీ సంతకం చూసి, తామూ సంతకం పెట్టాలి. ఆస్తి వచ్చేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. మీకన్నా చిన్నవాళ్లయితే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత వివాదాలు తగ్గుతాయి. మీరున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఫ్లాటు మీ ఇద్దరు పిల్లలకీ సమానంగా వెళ్తుంది. అమ్మాయి అడగదన్నారు. అడగకపోవడం, అక్కర్లేకపోవడం ఒకటి కాదు. ఆమెకేం ఇవ్వాలో మీరే రాయండి.

నామినీ సంగతి చాలామంది పొరబడతారు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషే, యజమాని కాదు. అసలు వారసులు అడిగితే లెక్క చెప్పాల్సిందే. 2025 నవంబర్ 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా శాతాలతో నామినీలుగా పెట్టుకోవచ్చు. వీలునామాలో ఏం రాస్తారో అక్కడా అదే రాయించండి.

డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఎందుకు? పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేయొచ్చు. 15 లక్షలు వేస్తే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 రూపాయలు మీ ఖాతాలో పడతాయి. మందులకో, మనవడి పుట్టినరోజుకో ఎవరినీ అడగనక్కర్లేదు. వేసేముందు అప్పటి రేటు ఎంతో కౌంటర్లో కనుక్కోండి. ఆరేడు లక్షలు మాత్రం ఆసుపత్రి ఖర్చులకు వెంటనే తీసుకునేలా బ్యాంకులోనే ఉంచండి.

అబ్బాయితో, "ఇల్లు ఎవరికేమిటో రాసిపెడతాను నాన్నా, నేనున్నంత వరకు నా పేరే ఉంటుంది" అని నేరుగా చెప్పండి. అమ్మాయిని కూడా ఆ రోజుకి రమ్మనండి. ఫ్లాటు కాగితాలు, డిపాజిట్ రసీదులు బీరువాలో ఏ అరలో ఉన్నాయో ఇద్దరికీ చూపించండి.