మోకాలి ఇంప్లాంట్‌కు ఇన్‌ఫెక్షన్: రెండో ఆపరేషన్ డబ్బు ముందే పక్కన పెట్టండి

ప్రశ్న: అమ్మకు 66 ఏళ్లు. పది నెలల కిందట మోకాలి మార్పిడి చేయించాం. ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఇంప్లాంట్ తీసేసి కొన్నాళ్లకు కొత్తది వేయాలంటున్నారు. మొదటిదానికి 3 లక్షలు, రెండోదానికి 4 లక్షలట. 5 లక్షల పాలసీ మార్చిలో రెన్యువల్. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెన్యువల్ దాకా ఆగమంటారా? ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: ఆగొద్దండీ. ఇన్‌ఫెక్షన్ ముదిరితే ఎముక దెబ్బతింటుంది, ఆపరేషనూ పెద్దదవుతుంది, బిల్లూ పెరుగుతుంది. తేదీ డాక్టర్‌నే చెప్పనివ్వండి.

ఈ వైద్యానికి డబ్బు విడతలుగా పోతుంది. మొదట ఇంప్లాంట్ తీసి, శుభ్రం చేసి, కొత్తది వేసేదాకా ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మ (స్పేసర్) పెడతారు. ఆ తర్వాత సాధారణంగా ఆరు వారాల యాంటీబయాటిక్స్. ఇన్‌ఫెక్షన్ తగ్గిందని నమ్మకం కుదిరాకే కొత్త ఇంప్లాంట్. ఉన్నదంతా మొదటి ఆపరేషన్‌కే పెట్టేసి, ఇంట్లో అమ్మ స్పేసర్‌తో వాకర్ పట్టుకుని తిరుగుతుంటే అప్పు కోసం పరుగెత్తే పరిస్థితి మీకు రాకూడదు.

చాలామంది నష్టపోయేది మధ్యలోని ఆ ఆరు వారాల్లోనే. ఇంజెక్షన్లు, ఇంటికొచ్చే నర్సు, వారం వారం రక్తపరీక్షలు. చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు మందులకు, పరీక్షలకు డబ్బిస్తాయి. నర్సు ఖర్చు సంగతి విడిగా అడగండి. ప్రతి బిల్లుకూ ప్రిస్క్రిప్షన్ జత చేసి, ఆ రోజే ఫోటో తీసుకోండి. మెడికల్ షాపు బిల్లు మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది.

బీమా కంపెనీకి ఈరోజే ఈమెయిల్ పెట్టండి. మోకాలి మార్పిడికి విడిగా పరిమితి ఉందా? రెండో ఆపరేషన్ మార్చి తర్వాత పడితే కొత్త ఏడాది 5 లక్షలు వర్తిస్తాయా, లేక పాత జబ్బు కొనసాగింపుగా లెక్కేస్తారా? 'రీస్టోర్' (అయిపోయిన బీమా మొత్తాన్ని అదే ఏడాదిలో మళ్లీ నింపే సదుపాయం) ఉంటే అదే జబ్బుకు ఇస్తారా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది క్లెయిమ్ రోజున పనికిరాదు. రెన్యువల్ మాత్రం ఒక్కరోజు కూడా దాటనివ్వొద్దు.

ఎఫ్‌డీ తీసేయకండి. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. చాలా బ్యాంకులు 90 శాతం దాకా ఇస్తాయి, వాడుకున్న మొత్తానికే వడ్డీ. క్లెయిమ్ రాగానే కట్టేయొచ్చు. ముందు 4 లక్షలు రెండో ఆపరేషన్‌వని రాసి పెట్టుకోండి, మొదటి బిల్లుకు ముట్టుకోవద్దు.

మోకాలి ఇంప్లాంట్లకు, రివిజన్‌లో (పాతది తీసి మళ్లీ వేసే ఆపరేషన్‌లో) వాడేవాటికి కూడా, 2017 ఆగస్టులో కేంద్ర ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధరలు పెట్టింది. కాబట్టి బిల్లులో ఇంప్లాంట్ ధర, బ్రాండ్ విడిగా రాయమని అడ్మిషన్ రోజే అడగండి.