సొంతంగా చేసుకునే ఇంటి పనుల్లో తప్పులు చెప్పేవాళ్ళు దొరకాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సెలవు రోజుల్లో ఇంటి పనులు మీరే చేసుకుంటున్నారు. ఇప్పుడు పెరట్లో నాలుగు చెక్క స్తంభాల మీద నీడ కోసం పందిరి వేయాలనుకుంటున్నారు. ఇంతకుముందు చేసినవి చూపిస్తే కొందరు "చాలా బాగుంది" అన్నారు, ఇంకొందరు "మేస్త్రిని పెట్టుకోక ఎందుకీ తిప్పలు" అన్నారు. ఈ రెండు మాటల వల్లా పని మెరుగుపడటం లేదు, పనికొచ్చే విమర్శ ఎలా రాబట్టాలి అని అడిగారు.

పదేళ్ళుగా నేనూ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి, నాకు జరిగినవే చెప్తాను.

నేను మొదట చేసింది పుస్తకాల షెల్ఫ్. ఒక్కో అర నాలుగు అడుగుల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉన్న పార్టికల్ బోర్డు. రెండు చివర్లలోనే ఆధారం. అంచులు చక్కగా అతికించి, గోడకు ఆనించి పెట్టాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు అరలన్నీ మధ్యలో కిందికి దిగాయి. అప్పుడే వేరే పని మీద ఇంటికి వచ్చిన ఒక వడ్రంగి షెల్ఫ్‌ని చూసి, "మధ్యలో పట్టు లేదు కదండీ, పుస్తకాల బరువుకి ఎలా ఆగుతుంది?" అన్నారు. కాసేపు కూర్చోబెట్టి అడిగితే విషయం చెప్పారు. అర పొడవు కొంచెం పెరిగినా వంపు చాలా ఎక్కువ పెరుగుతుంది. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. బరువు షెల్ఫ్ అర మొత్తం మీదా సమానంగా పరుచుకుని ఉంటే, పొడవు రెట్టింపు అయినప్పుడు వంపు పదహారు రెట్లు అవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అంటే మధ్యలో ఒక్క నిలువు చెక్క పెట్టి ఉంటే సరిపోయేది. కనీసం ముందు అంచు కింద రెండు అంగుళాల బద్ద నిలువుగా అతికించినా చాలా తేడా వచ్చేది.

అంతకుముందు మెచ్చుకున్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేను అడిగిందే "ఎలా ఉంది?" అని. ఆ ప్రశ్నకు అందం గురించే సమాధానం వస్తుంది. పైగా పూర్తయిన వస్తువు చూపించి అడిగితే, తప్పు కనిపించినా చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. ఇక మార్చడానికి ఏమీ లేనప్పుడు చెప్పి బాధపెట్టడం దేనికి అనుకుంటారు.

అందుకే వెనక తలుపు దగ్గర చెక్క మెట్లు కట్టాలనుకున్నప్పుడు పద్ధతి మార్చాను. రంపం పట్టకముందే పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీసి, ప్రతి కొలతా రాశాను. నేల నుంచి గుమ్మం వరకు 35 అంగుళాలు. ఏడేసి అంగుళాల చొప్పున ఐదు ఎత్తులు, అంటే నాలుగు మెట్లు, ఐదో అడుగు గుమ్మంలోకి. మెట్టు వెడల్పు, అంటే పాదం పెట్టే చోటు ముందు అంచు నుంచి వెనక్కి, 11 అంగుళాలు. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 24, 25 అంగుళాలు రావాలనే పాత లెక్కకు కూడా సరిపోయింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా బ్లోండెల్ అనే ఆర్కిటెక్ట్ మనిషి అడుగు కొలతను బట్టి చెప్పిన సూత్రం అది, ఇప్పటికీ వాడుతున్నారు. నాకైతే అంతా పక్కాగా కనిపించింది.

ఆ కాగితాన్ని తాపీ పనిలో తలపండిన ఒక పెద్దాయనకు చూపించాను. "బాగుందా?" అని అడగలేదు. "దీని మీద ఎవరైనా పడితే ఎక్కడ పడతారు?" అని అడిగాను. ఆయన వేలు నేరుగా మొదటి మెట్టు మీదికి వెళ్ళింది. "పైన వేసే చెక్క మందం ఎంత?" అన్నారు. ఒకటిన్నర అంగుళం. మెట్లను రెండు పక్కలా మోసే ఏటవాలు దూలాలను, అంటే పక్క దూలాలను, నేల నుంచి ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు దగ్గర కోయాలని గీశాను. వాటి మీద చెక్కలు పరిచాక ఒక్కో మెట్టూ ఒకటిన్నర అంగుళం పైకి లేస్తుంది. అప్పుడు మొదటి అడుగు ఎనిమిదిన్నర, చివరి అడుగు ఐదున్నర అంగుళాలు అవుతాయి. మధ్యవి మాత్రం ఏడు. రెండు మూడు మెట్లకే కాలు ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది, తేడా వచ్చిన చోట తడబడుతుంది. చీకట్లో, చేతిలో బకెట్‌తో దిగేవాళ్ళు అక్కడే పడతారు. పరిష్కారం కూడా ఆయనే చెప్పారు. పక్క దూలాల అడుగు భాగం ఒకటిన్నర అంగుళం కోసేస్తే అన్నీ ఏడుకు వచ్చేస్తాయి.

పెన్సిల్‌తో దిద్దుకుంటే పోయే తప్పు అది. మెట్లు బిగించాక తెలిసి ఉంటే మొత్తం ఊడదీయాల్సి వచ్చేది. ఆయన అనుభవం ఎంత గొప్పదైనా, కాగితం మీద కొలతలు లేకపోతే ఆ తప్పు ఆయనకూ దొరికేది కాదు. ఈ మాట మీరు గట్టిగా పట్టుకోండి. తప్పు పట్టడానికి వీలుగా పనిని ఎదుటివాళ్ళ ముందు పెట్టాల్సింది మనమే. ఫోటో అయితే పక్కన టేపు విప్పి పెట్టి తీయండి, రసమట్టం ఆనించి బుడగ కనిపించేలా ఇంకొకటి తీయండి. మూలలు చతురస్రంగా ఉండాల్సిన చోట ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా ఉన్న రెండు దూరాలూ కొలిచి రాయండి, అవి సమానంగా లేకపోతే చూసేవాళ్ళు వెంటనే పట్టేస్తారు. మీకు అనుమానం ఉన్న అతుకును దాచకండి, దాన్నే దగ్గరగా చూపించండి.

బాత్రూమ్ గచ్చు విషయంలో ఈ జాగ్రత్త మర్చిపోయాను. టైల్స్ వేసేశాక చూపించాను. వాలు సరిపోలేదు, నీళ్ళు జాలీ వైపు వెళ్ళకుండా మూలలో నిలుస్తున్నాయి. అడుగుకు పావు అంగుళం వాలు పెట్టాల్సింది. వాటర్‌ప్రూఫింగ్ వేశాక జాలీ మూసి, ఒక రోజు నీళ్ళు నిలబెట్టి చూడాలని కూడా అప్పుడే తెలిసింది. ఇంకొకరికి చూపించాల్సిన సమయం ఏదైనా పొర కప్పేయబోయే ముందే. గోడలో పైపులు మూయకముందు, ఇనుము మీద కాంక్రీటు పోయకముందు, ప్లాస్టరింగ్ కంటే ముందు.

ఎవరిని అడగాలి అంటే, రిపేర్లు చేసేవాళ్ళను అడగమని చెప్తాను. కొత్తవి కట్టేవాళ్ళు కట్టి వెళ్ళిపోతారు. ఏడేళ్ళ తర్వాత ఎక్కడ చెక్క కుళ్ళిందో, ఏ మేకు తుప్పు పట్టిందో చూసేది బాగుచేసేవాళ్ళే. వాళ్ళ సమయానికి విలువ ఇవ్వండి. గంట పనికి ఎంత తీసుకుంటారో అంత ఇచ్చి, "ఈ గంటలో పని ఏమీ చేయొద్దు, తప్పులు చెప్పండి చాలు" అని అడిగితే సంతోషంగా చెప్తారు. నేను మూడుసార్లు అలా చేశాను. ఆ డబ్బు వృథా అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

విన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది, కాదనను. రెండు వారాలు కష్టపడిన దాన్ని ఒక్క మాటలో తీసేస్తే ఎవరికైనా బాధే. అప్పుడు నేను ఏమీ వాదించను. చెప్పినదంతా రాసుకుని, "ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్నే వేస్తాను. మిగతా ఆలోచన మరుసటి రోజు. ఆ "ఎందుకు" చాలా ఉపయోగపడుతుంది. మెట్ల వెడల్పు పది అంగుళాలు చాలని ఒకరు, పన్నెండు ఉండాలని ఒకరు నాతో అన్నారు. కారణం అడిగితే మొదటాయన పెరట్లో స్థలం తగ్గిపోతుందని ఆలోచిస్తున్నారు, రెండో ఆయన మా అమ్మ మోకాళ్ళ గురించి ఆలోచిస్తున్నారు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. కారణం తెలిశాక పదకొండు దగ్గర ఆగడం తేలికైంది. కారణం చెప్పలేని సలహాను మాత్రం పక్కన పెడతాను.

సలహా తీసుకున్నాక ఏం మార్చారో వాళ్ళకు మళ్ళీ చూపించండి. మెట్లు పూర్తయ్యాక ఆ పెద్దాయనను పిలిచి ఎక్కించాను. అప్పటినుంచి ఆయన అడగకుండానే నా పనులు చూసి చెప్తున్నారు.

ఒక విషయంలో మాత్రం స్నేహితుల విమర్శ చాలదు. గోడ తీసేయడం, స్లాబ్ మీద బరువు పెంచడం, కరెంటు వైరింగ్, గ్యాస్ పైపు. వీటికి స్ట్రక్చరల్ ఇంజనీర్‌నో, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌నో పిలవాల్సిందే. పది మంది "ఏం కాదులే" అన్నా పిలవండి.

ఇక మీ పందిరి సంగతి. మీరు రాసిన దాంట్లో కొలతలు లేవు కాబట్టి నాకు తోచిన అనుమానాలు చెప్తాను. స్తంభాలను నేరుగా మట్టిలో పాతుతున్నారా? చెక్క ఎక్కువగా కుళ్ళేది నేల మట్టం దగ్గరే, తేమా గాలీ రెండూ అక్కడ కలుస్తాయి. కాంక్రీటు దిమ్మ మీద ఇనుప షూ (స్తంభం అడుగును పట్టి ఉంచే ఇనుప తొడుగు) బిగించి, చెక్కను కాస్త పైకి లేపి నిలబెట్టడం మంచిది. స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలు బద్దలు రెండు దిక్కులా ఉన్నాయా? లేకపోతే పందిరి పక్కకు ఊగుతుంది. పైన రేకు వేస్తారా, మధ్య మధ్యలో ఖాళీ వదిలి బద్దలు వేస్తారా? రేకు అయితే గాలి కిందనుంచి ఎత్తుతుంది, అప్పుడు దిమ్మ బరువు, బోల్టుల పట్టు రెండూ చూసుకోవాలి. దూలం రెండు బై ఆరు అయితే ఆరు అంగుళాల వైపు నిలువుగా ఉండాలి. పడుకోబెట్టిన దానితో పోలిస్తే అదే బరువుకు అలా తొమ్మిదో వంతే వంగుతుంది.

స్తంభాల మధ్య దూరం, దూలం కొలత, దిమ్మ లోతు, పైకప్పు ఏమిటో ఒక కాగితం మీద పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి గీసి పెట్టండి. చెక్క కొనకముందే పెట్టండి, కూర్చుని చూస్తాను.