అమ్మలూ, ముందు ఆ మ్యూట్ తీయి

అమ్మలూ,

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు పక్క గదిలో నీ ఆన్‌లైన్ జర్మన్ క్లాసు నడుస్తుంటే కాఫీ తాగుతూ గంటసేపు విన్నాను. అందరి గొంతులూ వినపడ్డాయి, నీది తప్ప. చివర్లో టీచరమ్మ పిలిస్తే "మైక్ ప్రాబ్లమ్ మేడమ్" అని చాట్‌లో కొట్టానని నువ్వే నవ్వుతూ చెప్పావు. ఆ మైకుకేం రోగం లేదని నాకు తెలుసు. నేనూ ఇదే వేషం వేశాను, కాకపోతే మా రోజుల్లో మైకులు లేవు గనక గొంతునొప్పి అనేవాణ్ణి.

1983లో ఖార్కోవ్ వెళ్లానని నీకు తెలుసు కదా. ఇప్పుడది ఉక్రెయిన్, అప్పుడు సోవియట్ యూనియన్. ఇంజనీరింగ్ మొదలవకముందు మాలాంటి విదేశీయులకు ఒక ఏడాది రష్యన్ నేర్పేవాళ్లు, పద్‌ఫాక్ అనేవాళ్లు దాన్ని. రెండో నెలలో ఒకరోజు బోర్డు మీదున్నది రాసుకుంటానని చెప్పబోయి లేచి నిలబడి "యా హచూ పీసత్" అన్నాను. రాయడం అంటే "పిసాత్", పలికేటప్పుడు ఒత్తిడి రెండో అక్షరం మీద పడాలి. మొదటి అక్షరం మీద వేస్తే ఒంటేలు పోసుకోవడం. టీచరు తలుపు వైపు చెయ్యి చూపించింది, క్యూబా వాళ్లూ వియత్నాం వాళ్లూ బల్లలు చరిచి నవ్వారు, నాకు మూడు వారాలు నోరు లేవలేదు.

మళ్లీ నోరు తెరిపించింది మా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే ముసలామె. ఇంగ్లీషు ముక్క రాదు. నేను టోపీ లేకుండా మంచులోకి వెళ్తుంటే "గ్దే షాప్కా?", అంటే టోపీ ఏదిరా అని రోజూ కేకలు వేసేది. రూములో ఉంది, మర్చిపోయాను, చలేం లేదు అని రోజుకో అబద్ధం రష్యన్‌లో చెప్పాల్సి వచ్చేది. నా వ్యాకరణంతో ఆవిడకేం పని? టోపీ పెట్టుకున్నానా లేదా అన్నదే ఆవిడ గొడవ. నేను తప్పుగా అన్నమాటను తిట్టులో కలిపి సరిగ్గా అనేది, మర్నాటికి అది నా నోటికి వచ్చేసేది.

అయితే అసలు సంగతి నాకు తెలిసింది ఇంకోరోజు. ఆవిడతో గడగడా మాట్లాడుతున్నవాణ్ణి కాస్తా, నా వెనక మన తెనాలి కుర్రాడొకడు వచ్చి నిలబడేసరికి టక్కున ఆగిపోయాను. వాడు ఏమీ అనలేదు పాపం. అయినా మాట రాలేదు. అంటే నాకు రష్యన్ వాళ్ల దగ్గర సిగ్గు లేదు, మనవాడి ముందు తప్పు దొర్లుతుందేమోనని సిగ్గు. నీదీ అదేనని నా అనుమానం, ఎందుకంటే నీ క్లాసులో సగం మంది గుంటూరు వాళ్లే, ఇద్దరు నీ ఆసుపత్రి వార్డులోనే పనిచేస్తారని చెప్పావు. చిన్నప్పుడు స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైను, ఇంగ్లీషు తప్పు మాట్లాడితే వెక్కిరింపు, ఇక నోరు మూసుకోవడమే క్షేమం అనే బుద్ధి పుట్టక ఏం చేస్తుంది?

కాబట్టి ముందు వినేవాళ్లను చూసుకో. క్లాసులో రోజుకు ఒక్క వాక్యం చాలు, కానీ మొదటి పది నిమిషాల్లోనే అనెయ్యి, ఆలస్యమైన కొద్దీ గుండె దడ పెరుగుతుంది. మిగతా సాధన వేరే చోట చెయ్యి. నైట్ డ్యూటీ నుంచి వచ్చాక ఏం చేశావో రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకో, ఎవరికీ పంపకు, నువ్వూ వారం దాకా వినకు. బీపీ చూశాను, సెలైన్ మార్చాను, పేషెంటు నిద్రపోలేదు, రేపు నీకు జర్మనీలో కావాల్సిన మాటలూ ఇవే.

ఇంకోటి, ఆగిపోయినప్పుడు అనే మాటలు అన్నిటికంటే ముందు నేర్చుకో. నీ పుస్తకంలోనే చూశాను, "వీ బిట్టె" అంటే ఏమన్నారు అని, "నొఖ్ ఐన్‌మాల్ బిట్టె" అంటే ఇంకోసారి చెప్పండి అని. తడబడగానే సారీ సారీ అంటూ ఇంగ్లీషులోకి దూకకు. నామవాచకం ముందు పెట్టే డెర్, డీ, డస్‌లలో ఏదో తెలియకపోతే ఒకటి అనేసి ముందుకు పో, దానికోసం వాక్యం మధ్యలో నిలబడిపోతే వినేవాడికి విసుగు. "వైల్" (ఎందుకంటే) తర్వాత క్రియ చివరకు పోతుందని కంగారు పడుతున్నావట, "నాకు ఒంట్లో బాగాలేదు కాబట్టి" అనేటప్పుడు మన క్రియ మాత్రం ఎక్కడుంది? మీరు, నువ్వు తేడా కూడా వాళ్లకు ఉంది. ఇంగ్లీషులోంచి కాకుండా తెలుగులోంచి వెళ్లి చూడు, కొన్నిచోట్ల దగ్గరి దారి దొరుకుతుంది.

పరీక్ష గురించి మీ నాన్న తెగ టెన్షన్ పడుతున్నాడు. గోథె సంస్థ పెట్టే బీ1 స్థాయి జర్మన్ పరీక్షలో నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి, మాట్లాడేది పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు (రాసుకోవడం ఏంటి, నా మొహం, మాట్లాడుకోవచ్చు). అది దాదాపు పావుగంట, పక్కన ఇంకో అభ్యర్థి ఉంటారు, ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చేయాలి, తర్వాత ఒక విషయం మీద చెప్పాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి. పక్కనున్న మనిషికీ నీ అంత భయమే ఉంటుంది. అందుకని వార్డులోని ఆ ఇద్దరిలో నీకు కాస్త నచ్చిన అమ్మాయితో ఇప్పుడే జత కట్టు, ఒకరి తప్పులకు ఒకరు నవ్వుకున్నా ఫరవాలేదని ముందే ఒప్పందం చేసుకోండి.

ఈ ఆదివారం డ్యూటీ లేకపోతే పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వచ్చెయ్. ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివర సీతానగరం దాకా నడుద్దాం, బళ్ల రొదకు మన మాటలు ఎవరికీ వినపడవు. నువ్వు జర్మన్‌లో చెప్పు, నేను రష్యన్‌లో జవాబిస్తాను. నాకు జర్మన్ రాదు గనక నీ తప్పులు పట్టలేను, ముప్పై ఏళ్లకు పైగా మాట్లాడక నా రష్యన్ తుప్పు పట్టింది గనక నా తప్పులు నీకూ తెలియవు. వచ్చేటప్పుడు పునుగులు తిందాం. మీ అమ్మకు మాత్రం చెప్పకు, ఇద్దరికీ పిచ్చెక్కిందని ఊరంతా ఫోన్లు చేస్తుంది.

మీ పెదనాన్న