తాతగారి చాకును మెరిపించకండి

తాతగారి మడత చాకు పెట్టెలో దొరికిందని, నిండా తుప్పు పట్టి ఉందని, దానిని కొత్తదానిలా తళతళలాడేలా చేయడం ఎలాగని, పిడికి ఒకవైపు ఊడిపోయిన జింక కొమ్ము ముక్క ఎక్కడ కొనుక్కోవచ్చునని మీరు అడిగారు. పాతికేళ్లకు పైగా పాత జేబు చాకులను పోగుచేసి, బాగుచేసి దాచుకుంటున్నవాడిని కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తున్నాను: దానిని మెరిపించకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మా ఇంట్లో జరిగినది వినాలి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు చేరింది కానీ, ఇంట్లో మాట మాత్రం తెలుగుగానే ఉండిపోయింది. నౌపడ నుంచి మా ఊరికి 1900లో నడక మొదలుపెట్టి, 1931 నాటికి గుణుపురం దాకా చేరిన చిన్న రైలు మార్గంలో మా తాతగారు గుమాస్తాగా పనిచేశారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు అలుగుల, అంటే రెండు బ్లేడుల, చాకు ఒకటి ఉండేది. పెన్సిలు చెక్కడానికి చిన్న అలుగు, మామిడికాయకూ పురికొసకూ పెద్ద అలుగు. పిడికి రెండువైపులా నల్లని గేదె కొమ్ము రేకులు. పెద్ద అలుగు మొదట్లో, పిడిని ఆనుకొని, ఒక కిరీటం, దానికి అటు జీ, ఇటు ఆర్, కింద జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ అనే పేరు, షెఫీల్డ్ అనే ఊరు, పక్కన ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ ఉండేవి. ఇంగ్లండులోని ఆ కంపెనీ చాకుల మీద విక్టోరియా రాణి కాలంలో, అంటే 1901 దాకా, వీ ఆర్ అనీ, ఎడ్వర్డ్ కాలంలో ఈ ఆర్ అనీ, 1910 తరువాత జార్జి రాజుల కాలంలో జీ ఆర్ అనీ ముద్ర వేసేవారు. అందుచేత ఆ అంగుళం మేర ముద్రే ఆ చాకుకు జాతకం.

1993లో నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన రోజున ఆ చాకును కొత్తగా చేయించి ఆయన చేతికి ఇవ్వాలని నాకు బుద్ధి పుట్టింది. అంతకుముందు మా వీధుల్లోకి సాన పట్టేవారు కాలితో తొక్కే చక్రం తెచ్చుకొని వచ్చేవారు. ఆ చక్రం నెమ్మదిగా తిరిగేది, మధ్యమధ్య నీళ్లు చల్లేవారు, అందువల్ల ఇనుము వేడెక్కేది కాదు. నేను వెళ్లినది కరెంటు మోటారు మీద తిరిగే రాయి పెట్టుకున్న ఒక దుకాణానికి. ఆ మనిషి అలుగును రాయికి ఆనించగానే నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా విచ్చుకొని ఎగిసిపడ్డాయి, నాకు అది చూడముచ్చటగా కూడా అనిపించింది. రెండు మూడు క్షణాల్లో మొన దగ్గర ఒక రంగు కనబడింది. ముందు గడ్డి రంగు, వెంటనే ఊదా, ఆపైన నెమలి కంఠంలాంటి నీలం. తరువాత గుడ్డ చక్రం మీద మెరుగుపెట్టి, అద్దంలా మెరిసే చాకును చేతిలో పెట్టాడు. ఇరవై రూపాయలు సంతోషంగా ఇచ్చి వచ్చాను.

నాన్నగారు దానిని విప్పి, అటూ ఇటూ తిప్పి, ముద్ర ఉండవలసిన చోట బొటనవేలితో తడిమారు. ఆ చోట నున్నగా ఉంది. జేబులోంచి పెన్సిలు తీసి రెండు పొరలు చెక్కేసరికి వాదర, అంటే కోసే అంచు, మొన దగ్గర రేకులా మడత పడింది. ఆయన కోప్పడలేదు. "మా నాన్న చాకు ఏదిరా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆనాడు నాకు తెలియనిది ఇది. పాత చాకులు కార్బన్ ఉక్కుతో చేసినవి. ఆ ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ కొద్దిపాటి వేడి తగిలిస్తేనే దానికి గట్టిదనమూ, విరగని గుణమూ రెండూ వస్తాయి. ఆ తరువాత ఎప్పుడైనా సుమారు 300 డిగ్రీల వేడి తగిలి నీలం తిరిగిందంటే వాదర మెత్తబడిపోయినట్లే. పలుచని అంచుకు ఆ వేడి ఎక్కడానికి మోటారు రాయి మీద ఒక్క క్షణం చాలు. ముద్ర సంగతి చెప్పనే అక్కరలేదు. చెరిగిన దానిని ఏ పనివాడూ తిరిగి తేలేడు. ఈ రోజుల్లో చాకును రాత్రంతా వెనిగరులో నానబెట్టి, తెల్లవారి మోటారుకు పట్టించి, "చూడండి ఎలా ఉండేదో, ఎలా అయిందో" అని చూపించే వీడియోలను లక్షలమంది చూస్తున్నారు. అవి చూసినప్పుడల్లా నాకు నాన్నగారి బొటనవేలు గుర్తుకు వస్తుంది. వెనిగరు తుప్పును తినడంతో ఆగదు, మంచి ఉక్కును కూడా తిని గుంటలు పెడుతుంది. అలుగు మీద ఏళ్ల తరబడి మామిడి పులుపూ ఉల్లిపాయ రసమూ తగిలి ఏర్పడిన నీలిబూడిద రంగు పొర మురికి కాదు, ఎర్ర తుప్పు పట్టకుండా కాపలా కాసేది అదే. ఎర్ర తుప్పు శత్రువు, ఆ బూడిద పొర స్నేహితుడు. ఈ తేడా తెలియనివారు పాత చాకును ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక పిడి సంగతి. మెరుగుపెట్టే వేడికి మా చాకు కొమ్ము రేకు కూడా సీల దగ్గర చీలిపోయింది. ఈ విషయంలో మాత్రం మా ఊరు నన్ను ఆదుకుంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు పొందిన ఊరు. గేదె కొమ్ముతో కొంగలనూ, దువ్వెనలనూ, బొమ్మలనూ చేసే పనివారు ఇక్కడ తరాలుగా ఉన్నారు. వారిలో ఒక పెద్దాయన చాకును చూసి, "ఏటి బాబూ, దీన్ని సానకెట్టీసినారేటి?" అని చాలాసేపు బాధపడ్డారు. కొమ్ము మొదలు బోలుగా ఉంటుందని, గట్టి ముక్క కావాలంటే కొస వైపు కోయాలని ఆయన వల్లనే తెలుసుకున్నాను. కోసిన ముక్కను నిప్పు సెగ మీద తిప్పితే మెత్తబడింది, వెంటనే రెండు చెక్కల మధ్య బిగించి చదును చేశారు. రెండు వారాలు నీడలో ఆరనిచ్చిన తరువాతనే రంధ్రాలు పెట్టి, ఇత్తడి సీలలు వేసి, సీల తలలను చిన్న సుత్తితో ఒక్కో దెబ్బే, చాలా నెమ్మదిగా కొట్టారు. తొందరపడితే కొమ్ము ఎండి కుంచించుకొని సీల దగ్గర మళ్లీ చీలుతుందట.

మీరు జింక కొమ్ము కోసం వెతకవద్దు. ఒకప్పుడు మన అడవుల్లోని కణుజు అనే పెద్ద జింకల కొమ్ములు ఓడలెక్కి షెఫీల్డ్ చాకుల పిడులయ్యాయి, ఆ మాట నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వాటిని కొనడమూ అమ్మడమూ నేరం; అడవిలో దానంతట అది రాలి దొరికిన కొమ్మైనా అంతే. ఎవరైనా రహస్యంగా ఇస్తామన్నా తీసుకోకండి. గేదె కొమ్ము వేయించుకుంటే చాలు, ఎన్నో షెఫీల్డ్ చాకులకు మొదటి నుంచీ ఉన్నది అదే.

తుప్పు తీయడానికి నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతిలో తొందర అనేది లేదు. ముందు మడత కీలులో నాలుగు చుక్కల కుట్టుమిషను నూనె వేసి ఒక రాత్రి వదిలేస్తాను. అలుగు బిగుసుకుపోయి ఉంటే పట్టకారు పెట్టి లాగను, మూడు రోజులైనా సరే నూనె వేస్తూ కూర్చుంటాను, ఎందుకంటే గోటితో తెరిచే గాడి అంచు విరిగితే దానికి మందు లేదు. లోపలి బూజునూ ఎండిన జిడ్డునూ వెదురు పుల్లతో తీస్తాను. ఎర్ర తుప్పును జార్జి రాజు బొమ్మ ఉన్న పాత కంచు కాలణా అంచుతో, నూనె తడి మీద గీకుతాను; కంచు ఆ ఉక్కు కంటే మెత్తన కనుక తుప్పు లేస్తుంది, అలుగు మీద గీత పడదు. పదును పెట్టడానికి నూనె రాయి, రెండు చేతులు, ఒక సాయంత్రం చాలు. మా చాకు మొన దగ్గర నీలం తిరిగిన మేరను అలాగే ఆ రాయి మీద కొద్దికొద్దిగా అరగదీసుకుంటూ వచ్చాను, పోవడానికి నాలుగేళ్లు పట్టింది. అలుగు పొడవు కొంత తగ్గింది కానీ ఇప్పుడు పెన్సిలు చెక్కుతుంది.

కొబ్బరినూనె మాత్రం కీలులో వేయకండి. వంటింటి నూనెలు చాలావరకు కొంతకాలానికి జిగటగా మారి అలుగును పట్టేస్తాయి. కొమ్ము పిడికి పైపైన రాయడానికైతే కొబ్బరినూనె మంచిదే. తోలు సంచిలో పెట్టి మరిచిపోకండి, వానకాలంలో తోలు తేమను పీల్చి అలుగుకు అంటిస్తుంది. మీ పెట్టెలో ముత్యపు చిప్పలా మెరిసే సెల్యులాయిడ్ పిడి చాకు కూడా ఉంటే దానిని వేరే పెట్టెలో పెట్టండి. ఆ పదార్థం ముసలిదైనప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న చాకులన్నీ తుప్పు పట్టిపోతాయి. నేను అలా మూడు పోగొట్టుకున్నాను.

ఈ రాత్రికి మీరు చేయవలసింది ఒక్కటే. తుప్పు మీద చేయి వేయకముందు, అలుగు మొదట్లో పిడిని ఆనుకొని ఉన్న చోటును పక్క నుంచి పడే వెలుతురులో ఫొటో తీసుకోండి. అక్షరాలు అక్కడ ఉంటే, మిగతా చాకంతా శుభ్రం చేసినా ఆ వేలెడు చోటును మాత్రం నూనె గుడ్డతో తుడిచి వదిలేయండి.